శాంతాబాయి ఆపిన చోట

1962 ఫిబ్రవరి. పోలింగుకు ముందటి రోజు, సాయంత్రం. స్థలం: పద్మశాలి వాడలో బడి ముందరి ఖాళీ జాగా. హాజరైనవారు: బ్లాకు అభివృద్ధి అధికారి గారు. సోషల్ ఎడ్యుకేషన్ ఆర్గనైజరు శాంతాబాయి గారు. వ్యాను డ్రైవరు మహబూబు. నూలు షావుకారి గుమాస్తా ఓదెలు. ఎదుటి అభ్యర్థి తరఫున వచ్చిన ఒక పెద్దమనిషి. కండెలు చుట్టే ఎల్లవ్వ. వాడలోని ఆడవాళ్ళు, మగవాళ్ళు. లెక్క పెట్టడానికి వీలు కాలేదు. నేను.

నా డైరీలో ఆ పుట ఇట్లా మొదలవుతుంది. దాన్ని ఇవాళ మళ్ళీ తీయడానికి కారణం ఒక గొంతు. పొద్దున వరండాలో కూర్చుని చాయ్ తాగుతుంటే మా కరీంనగర్ వీధిలోకి ఒక ఆటో వచ్చింది. దాని నెత్తి మీద మైకు. అందులో రికార్డు చేసిన ఆడగొంతు ఓటు విలువ గురించి చెబుతున్నది. మంచి మాటలే. కానీ ఆ గొంతు ఎక్కడా ఆగలేదు. వీధి మలుపు తిరిగేదాకా ఊపిరి తీసుకోకుండా అవే మాటలు మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఎదురింట్లో కూరగాయలు తరుగుతున్న ఆవిడ తల కూడా ఎత్తలేదు. ఆ మైకులో ఒక గరగర ఉంది. అది వినగానే నాకు గంజి పెట్టిన నూలు వాసన వచ్చింది. చెవిలో పడిన చప్పుడుకు ముక్కులో వాసన ఎందుకు రావాలో చెప్పడం కష్టం. శాంతాబాయి గారిని చూడనివాళ్ళకు మరీ కష్టం. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను సిరిసిల్లకు ఆవల ఒక నేత ఊళ్ళో బడిపంతులును. పగలు పిల్లలకు, సందెవేళ పెద్దవాళ్ళకు చదువు చెప్పేవాణ్ణి. పెద్దల బడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పద్మశాలి వాడ వాళ్ళు. పొద్దంతా మగ్గం గుంటలో కూర్చుని వచ్చిన మనుషులు పలక పట్టుకుంటే రెండు అక్షరాలకే కునుకు తీసేవాళ్ళు. నేను గొంతు పెంచేవాణ్ణి. వాళ్ళు ఉలిక్కిపడి లేచి నేను చెప్పింది మళ్ళీ చెప్పేవాళ్ళు. దాన్నే చదువు అనుకునేవాణ్ణి.

ఆ రోజుల్లో బ్లాకు ఆఫీసు నుంచి ఒక వ్యాను రావడం మొదలైంది. అందులో గాజు పలకల మీది బొమ్మలను పెద్దవి చేసి తెర మీద వేసే యంత్రం, ఒక టేపు రికార్డరు, వాటికి కరెంటు ఇచ్చే జనరేటరు ఉండేవి. వ్యానుతో పాటు వచ్చిన మనిషి శాంతాబాయి గారు. ముప్ఫై దాటిన వయసు, ముతక నూలు చీర, చేతికి మగవాళ్ళు పెట్టుకునే పెద్ద గడియారం. సొంత ఊరు భైంసా. ఇంట్లో మరాఠీ, బజారులో తెలుగు, చదువు ఉర్దూ. మూడూ కలిసిన మాట ఆమెది. మగవాళ్ళను కాకా అని, పెద్ద ఆడవాళ్ళను మావశీ అని పిలిచేవారు. మా వాడకు ఆ పిలుపులు కొత్త. మొదటి రోజు ఎల్లవ్వను మావశీ అనగానే ఆమె కోడలు రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఎల్లవ్వ ఆ వాడకంతటికీ పెద్ద నోరు. మనిషి గట్టిది. పెనిమిటి పోయాక కొడుకు మగ్గం మీదే ఇల్లు నడిచేది. ఆమె రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టేది. "మావశి అంటె ఏందమ్మా? తిట్టా?" అని అడిగింది.

"తిట్టు గాదు మావశీ. అమ్మ చెల్లె. చిన్నమ్మ అన్నట్టు."

"గట్లయితె సరే. తిట్టయితె నాకు గూడ వస్తయి, ముందుగల్ల చెప్తున్న."

ఆ సాయంత్రం వ్యానుతో తెచ్చిన తెర చినిగి ఉంది. షావుకారి దుకాణం నుంచి ఒక తెల్ల పంచెను అడిగి తెచ్చి రెండు గుంజల మధ్య కట్టాం. పొద్దు గుంకాక మహబూబు యంత్రం వెలిగించాడు. శుభ్రమైన బావి గురించి మొదటి బొమ్మ పడింది. జనంలో ఒకటే గుసగుస. బాగా ఆకట్టుకుందని నేను సంతోషించాను. శాంతాబాయి గారు మాత్రం టేపు ఆపించి, బొమ్మను అట్లాగే ఉంచి, "ఏం కనబడుతుంది కాకా?" అని ముందు వరుసలో ఉన్న ఒక ముసలాయనను అడిగారు.

"గీ పంచె నేసినోడు సరిగ నెయ్యలే బాయి. నడుమ పోగు తెగింది. ముడి గూడ మంచిగ పడలే."

అంత వెలుగు మీద పడేసరికి పంచెలోని ప్రతి లోపమూ బయటపడింది. బావిని ఎవరూ చూడలేదు. అది ఎవరి మగ్గం మీద నేసిన పంచె అన్న తగాదాలో ఉన్నారు అందరూ. నాకు చిరాకు వేసి, నోరు మూసుకుని బొమ్మ చూడమని గదిమాను. శాంతాబాయి గారు నన్ను చేత్తో వారించారు. తగాదా తేలేదాకా ఆగారు. అది రాజవ్వ తమ్ముడు నేసిందని తేలింది. అతను సిగ్గుపడి, "నూలే మంచిది గాకుండె" అన్నాడు. అప్పుడు ఆమె, "బరోబర్. ఇప్పుడు పంచె సంగతి ఒడిసింది. దాని మీద ఏమున్నది?" అన్నారు. అప్పుడు చూశారు బావిని.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె నాతో అన్న మాట డైరీలో ఉంది. "మాస్టర్, మనం బొమ్మ వేసినంక ఆగాలె. బొమ్మ చదువు చెప్పదు. ఆగినప్పుడు వాళ్ళు మాట్లాడుతరు చూడు, గదే చదువు."

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. ఆగడం అంటే నాకు భయం. తరగతిలో నిశ్శబ్దం వస్తే పంతులుకు పాఠం రాదని అనుకుంటారేమో అని భయం. ఆమెకు ఆ భయం ఉండేది కాదు. ఒక ప్రశ్న అడిగి, గడియారం ఉన్న చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని నిలబడేవారు. జనం దగ్గేవాళ్ళు, కదిలేవాళ్ళు, ఒకరినొకరు పొడుచుకునేవాళ్ళు. ఆమె ముఖంలో తొందర ఉండేది కాదు. చివరికి ఎవరో ఒకరు నోరు విప్పేవాళ్ళు. ఆ నోరు ఎక్కువసార్లు ఎల్లవ్వదే.

అక్షరాలు కూడా అట్లాగే వచ్చాయి. ఒక సాయంత్రం తెర మీద 'ఎ' అక్షరం వేశారు. ఎల్లవ్వ దగ్గరగా చూద్దామని లేచి వెళ్ళింది. వెలుగుకు అడ్డం పోవడంతో అక్షరం ఆమె అరచేతి మీద పడింది. ఆమె చెయ్యి మూసింది. అక్షరం పిడికిలి మీద పడింది. తెరిచింది. మళ్ళీ అరచేతిలో. "అరే, పోతలేదు గదనే!" అని వాడంతా వినేటట్టు అరిచింది. యంత్రం వేడెక్కుతుందని మహబూబు గొణుగుతున్నా శాంతాబాయి గారు వినలేదు. ఆడవాళ్ళందరూ ఒక్కొక్కరే వచ్చి అక్షరాన్ని చేతిలో పట్టుకునేదాకా ఆ పలక మార్చనివ్వలేదు. నేను నెలల తరబడి పలక మీద దిద్దించినా రానిది రాజవ్వకు ఆ వారంలో వచ్చింది.

టేపు రికార్డరు ముచ్చట ఇంకొకటి. పట్నం నుంచి వచ్చిన టేపుల్లో మాట్లాడేవాళ్ళ తెలుగు మా వాడకు రేడియో వార్తల తెలుగు. తలలూపేవాళ్ళు, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని ఆమె ఆ మాటలను మా ఊరి మాటలో చెప్పించి ఎల్లవ్వ గొంతులో రికార్డు చేశారు. టేపును వెనక్కి తిప్పి వినిపించారు. ఎల్లవ్వ ముఖం మాడ్చుకుంది.

"గిది నా గొంతా? గింత గరగర ఉంటదా?"

రాజవ్వ వెనక నుంచి, "మేము దినాం ఇనేది గదే అత్తా" అని నవ్వింది. ఆ నవ్వు కూడా టేపులో పడింది. దాన్ని చెరిపెయ్యాలా అని మహబూబు అడిగితే, వద్దు, ఉండనీ అన్నారు శాంతాబాయి గారు. ఆ టేపు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. "గా డబ్బాల మాట్లాడే ముసల్ది మీ ఊరిదేనా?" అని సంతలో నన్ను అడిగేవాళ్ళు. ఎల్లవ్వకు కొంచెం గర్వం కూడా వచ్చింది. కండెలు చుట్టుకుంటూ, "నేనీడ కూసున్న గని, నా గొంతు ఊరూరు తిరుగుతున్నది" అనేది.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. అంతకుముందు రెండుసార్లు మా వాళ్ళు ఓటు వేసింది వేరే పద్ధతిలో. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. పెట్టె మీద గుర్తు. తమకు నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే. ఈసారి అందరికీ ఒకటే పెట్టె. కాగితం మీదే అన్ని గుర్తులు. నచ్చిన గుర్తు దగ్గర ముద్ర గుద్దాలి. రెండు చోట్ల గుద్దితే, గీత మీద గుద్దితే ఓటు పోతుంది. అది నేర్పించే పని ఆర్గనైజర్ల మీద పడింది. శాంతాబాయి గారు తానే ఒక గాజు పలక మీద రంగులతో బొమ్మ వేశారు. మూడు గడులు. ఒకదాంట్లో నిచ్చెన, ఒకదాంట్లో గొడుగు, ఒకదాంట్లో కుండ. నడిమి గడి మీద ముద్ర గుద్దుతున్న చెయ్యి. నడుమ ఉంటే అందంగా కనబడుతుందని గొడుగును నడుమ వేశారు. అంతకు మించి ఆలోచన లేదు. దానికి ఎల్లవ్వ గొంతుతో మాట కూడా జోడించారు: "గీ కాయిదం తీసుకోవాలె. చాటుకు పోవాలె. ముద్ర తీసి గీ గొడుగు కాడ ఒక్కపారి గుద్దాలె. మడిచి పెట్టెల ఎయ్యాలె. గంతే, భయమేం లేదు."

ఊరూరా తిప్పారు. తర్వాత మా వాడలో ఉత్తుత్తి పోలింగు పెట్టాం. బడిలో దుప్పటి చాటు కట్టి, మూడు గుర్తులు అచ్చు గుద్దిన కాగితాలు ఇచ్చి, ఒక్కొక్కరిని లోపలికి పంపాం. ముగిశాక పెట్టె విప్పి చూశాం. ఒక్క కాగితం కూడా చెడిపోలేదు. గీత మీద ముద్ర పడలేదు, రెండు ముద్రలు లేవు. నేను పొంగిపోయాను. శాంతాబాయి గారు కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ ఉండగా ఆమె ముఖం వాడిపోవడం చూశాను. ముద్రలన్నీ గొడుగు మీదే ఉన్నాయి.

"మావశీ, అందరు గొడుగు మీదనే ఎందుకు గుద్దిండ్రు?"

ఎల్లవ్వకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "నువ్వు సూపెట్టినట్టే చేసినం గద బాయి. ఒక్క పోగు తేడా రాలే."

అప్పుడు నాకు వెలిగింది. మా వాడ పని తీరే అది. షావుకారి గుమాస్తా ఒక గుడ్డ ముక్క తెచ్చి చూపించి పోతాడు. అంచు ఎంత, రంగు ఏది, పోగులు ఎన్ని, అన్నీ అందులో ఉంటాయి. మగ్గం మీది బట్ట దానికి వెంట్రుకవాసి తేడా వస్తే తిప్పికొడతాడు. తాతల నుంచి అదే అలవాటు. ఒకటి చూపించి ఇట్లా చెయ్యమంటే అట్లాగే చెయ్యడమే వాళ్ళ నేర్పు. మేము ముద్ర గుద్దడం చూపించాం అనుకున్నాం. వాళ్ళు మొత్తం చూశారు.

"అందరు ఒక్కకాడ గుద్దితె గది ఓటు గాదు మాస్టర్," అన్నారు ఆమె. గొడుగు తీసేసి ఇంకో పలక వెయ్యాలని అనుకున్నారు. అది వేసేలోగా అభ్యర్థులకు గుర్తులు కేటాయించారు. మా ఊరి నూలు షావుకారు స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాడు. ఆయనకు వచ్చిన గుర్తు గొడుగు.

షావుకారికి అది అడగని వరం. గుమాస్తా ఓదెలు వాడవాడా తిరిగి, "సర్కారు వ్యానే చెప్పింది గద, గొడుగు మీద గుద్దుమని. మన ఎల్లవ్వే చెప్పింది" అనడం మొదలుపెట్టాడు. వాడలో సగం మగ్గాల మీద ఉన్నది ఆయన నూలే. ఓదెలు మాట కాదనే ధైర్యం ఎవరికి? ఎదుటి అభ్యర్థి ఊరుకోలేదు. ప్రభుత్వ ఉద్యోగిని ఒక అభ్యర్థికి ప్రచారం చేస్తున్నదని పైకి ఫిర్యాదు రాశాడు.

బ్లాకు అధికారి గారు ఆమెను పిలిపించిన రోజు నేనూ వెంట వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి, చాయ్ తెప్పించి, మెల్లగా చెప్పారు.

"బాయి, ఆ గాజు పలక తీసి బావిల పడెయ్యి. టేపు తుడిచెయ్యి. అసొంటిదేం లేదని నేను జవాబు రాస్త. కిస్సా ఖతం."

"టేపు తుడుస్త సాబ్. వాళ్ళ చెవులెట్ల తుడువాలె?"

"గది నీ పని గాదు."

"నేనే పెట్టిన మాట సాబ్. ఇచ్చిన కాడికే పోయి వాపసు తీసుకోవాలె. అదే పలక చూపెట్టి, గిది తప్పని చెప్పాలె."

"మందిల ఒప్పుకుంటె ఫిర్యాదు నిజమైతది. నీది టెంపరరీ నౌకరి. యాదికున్నదా?"

"యాదికున్నది సాబ్. మా అమ్మకు గూడ యాదికుంటది, నెలనెలా."

ఆయన నవ్వలేక నవ్వారు. భైంసాలో ఆమె తల్లి, చదువుకుంటున్న తమ్ముడు ఆ జీతం మీదే ఉన్నారని ఆయనకూ తెలుసు. చాలాసేపు కాగితాలు సర్దుకుంటూ కూర్చుని, చివరికి, "పో. ఎదుటివాళ్ళ మనిషిని గూడ పిలుస్త. ఆఖరుకు మీ నేత ఊరికి నేనే వచ్చి ముందర కూసుంట. ఒక్క మాట అటిటు అయితె వ్యాను అక్కడికక్కడ బంద్" అన్నారు.

టేపు తిరిగిన ఊళ్ళన్నీ ఆమె మళ్ళీ తిరిగారు. మా ఊరు చివరిది. ఎల్లవ్వ సొంత వాడ కాబట్టి చివరికి పెట్టుకున్నారో, భయపడి పెట్టుకున్నారో నేను అడగలేదు. మొదట్లో రాసిన హాజరు పట్టీ ఆ సాయంత్రానిది.

మళ్ళీ ఆ మొదటి రోజు పంచెనే కట్టాం. పాత గొడుగు పలక తెర మీద పడింది. జనంలో కలకలం. ఓదెలు మీసం కింద నవ్వుకుంటూ, "సూడుర్రి, మళ్ల అదే సూపెడుతున్నరు" అన్నాడు. బ్లాకు అధికారి గారు కుర్చీలో కదిలారు. టేపు తిరిగింది. ఎల్లవ్వ గొంతు గరగరమంటూ, "గీ గొడుగు కాడ ఒక్కపారి గుద్దాలె" అనగానే శాంతాబాయి గారు మీట నొక్కి ఆపారు. గడియారం ఉన్న చెయ్యి పట్టుకుని నిలబడ్డారు.

ఎదుటి అభ్యర్థి మనిషి బ్లాకు అధికారి గారి వైపు చూశాడు. ఆయన గడియారం చూసుకున్నారు. నా గొంతు దాకా మాట వచ్చింది. ఆమె నా వైపు చూడకపోయినా మింగేశాను. అంత పెద్ద మౌనాన్ని నేను అంతవరకు ఎరగను.

చివరికి ఎల్లవ్వ లేచింది. "గది నేనే అన్న. లేదంటలేను. గని నువ్వు చెప్పుమన్నవని అన్న."

"హో, అవును మావశీ. నేనే చెప్పుమన్న. ముద్ర ఎట్ల గుద్దాలెనో చూపెట్టబోయి, ఏడ గుద్దాలెనో గూడ చూపెట్టిన. తప్పు నాది. నీది గాదు, ఈ వాడది గాదు. సాబ్ ఇంటున్నరు, అందరు ఇనుర్రి. సర్కారు ఎవ్వలికి గుద్దుమంటలేదు."

తర్వాత పలకను యంత్రంలోంచి బయటికి తీశారు. తడిగుడ్డతో నిచ్చెన తుడిచారు, గొడుగు తుడిచారు, కుండ తుడిచారు. చెయ్యిని కూడా తుడిచారు. మళ్ళీ పెట్టారు. పంచె మీద మూడు ఖాళీ గడులు, వాటి వెనక రాజవ్వ తమ్ముడు నేసిన తెగిన పోగు.

"ఇప్పుడు చెప్పుర్రి. ఏడ గుద్దాలె?"

"ఏం లేకపాయె గద బాయి," అన్నాడు ఒకాయన.

"నువ్వు సూపెడితె గద తెలిసేది!" అన్నాడు ఇంకొకాయన.

ఆమె తడిగుడ్డ మడిచి పక్కన పెట్టారు. కొంతసేపటికి ఎల్లవ్వ వైపు తిరిగి, వేరే సంగతి అడిగినట్టు, "మావశీ, షావుకారి పంచె అంచు ఎవరు చెప్తె నేస్తరు?" అన్నారు.

"గదేం ముచ్చట? షావుకారే చెప్తడు. ఓదెలు ముక్క తెచ్చి సూపెడుతడు."

"మొన్న నీ మనుమరాలి పెండ్లికి చీర నేసిండ్రు గద. దాని అంచు?"

"అది మా ఇంటి చీర. నేను చెప్పిన, నా కొడుకు నేసిండు. దానికి సూపెట్టేటోడు ఎవడున్నడు?" అని, ఆ మాట అంటూనే ఎల్లవ్వ ఆగిపోయింది. ఖాళీ గడుల వైపు చూసింది. ఓదెలు వైపు చూసింది. "అంటె గీ కాయిదం ఇంటి బట్ట అన్నట్టు. షావుకారి బట్ట గాదు."

శాంతాబాయి గారు అవునని కూడా అనలేదు. వాడలో ఆడవాళ్ళ మధ్య ఆ మాట చేతులు మారినట్టు వెనక వరుసదాకా పోయింది. ఇంటి బట్టనట. ఇంటి బట్ట. ఓదెలు నవ్వు ఆగిపోయింది.

టేపులో పాత మాట మీద కొత్త మాట రికార్డు చేద్దామని ఆమె అన్నారు. ఈసారి ఏం చెప్పాలో ఆమె చెప్పలేదు. ఎల్లవ్వ మైకు దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకుని, "నేను ఎల్లవ్వను. మొన్న చెప్పింది ఇడిసిపెట్టుర్రి. ముద్ర ఒక్కపారి గుద్దాలె, గీత మీద పడొద్దు. ఏడ గుద్దాలెనో మీరే చూసుకోవాలె. ఎవలికి గుద్దినవే అని అడిగితె నేను చెప్ప. నా పెనిమిటి లేచి వచ్చి అడిగినా చెప్ప" అన్నది. "పాపం, మామ అడగనే అడగడు" అని నవ్వింది రాజవ్వ. ఆ నవ్వు కూడా టేపులో పడింది.

బ్లాకు అధికారి గారు లేచి, ఎదుటి అభ్యర్థి మనిషితో రెండు మాటలు మాట్లాడి, శాంతాబాయి గారిని పక్కకు పిలిచారు. మరునాడే బయలుదేరి కరీంనగర్ ఆఫీసులో హాజరు కావాలని చెప్పారు. మందిలో తప్పు ఒప్పుకున్నాక అంతకన్న తక్కువ చెయ్యడం ఆయన చేతిలో కూడా లేదు.

ఉద్యోగం పోలేదు. ఆ వ్యాను పని నుంచి మాత్రం తప్పించి జైనూర్ వైపు గోండు గూడేలకు పంపారు. అక్కడ వ్యాను పోయే దారి లేదు, కరెంటు లేదు. రెండేళ్ళ తర్వాత ఒకసారి చూడటానికి వెళ్ళాను. ఒక గుడిసె ముందు లాంతరు వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టి, గోడ మీద నీడలతో ఏదో చూపించి, చెయ్యి దించి, నిలబడి ఉన్నారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు గోండిలో తమలో తాము వాదించుకుంటున్నారు. ఆమెకు ఆ భాష అప్పటికి సగమే వచ్చు. ఏమంటున్నారని అడిగితే, "ఇంక తేలలే మాస్టర్. తేలనీ" అన్నారు. గడియారం పట్టీ తెగిపోతే దారంతో కట్టుకున్నారు.

నేను ఆ తర్వాత చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను, హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. నా తరగతిలో ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగి, ఎడమ చెయ్యిని కుడి చేత్తో పట్టుకుని నిలబడేవాణ్ణి. తనిఖీకి వచ్చిన ఒకాయన, పంతులు పాఠం మరిచిపోయాడనుకుని తానే జవాబు అందించబోయాడు. పిల్లలే ఆయనను ఊరుకోమని సైగ చేశారు. ఇప్పటికీ ఇంట్లో ఎవరినైనా ఏదైనా అడిగితే, జవాబు వచ్చేదాకా నేను రెండో మాట అనను. నా భార్యకు అది మొదట్లో కోపం తెప్పించేది. జవాబు చెప్పాల్సింది తానేనని తేలాక అలవాటైంది.

రోజూ జరిగింది రోజూ రాసుకునే మనిషిని నేను. చూసింది, విన్నది, ఎవరు ఏమన్నది, అన్నీ రాస్తాను. ఆ సాయంత్రం తర్వాతి పుటలో మాత్రం ఒక సంగతి లేదు. అది నేను మరిచిపోయి వదిలింది కాదు.

మరునాడు పొద్దున పోలింగు. బడి ముందు ఆడవాళ్ళది ఒక వరుస, మగవాళ్ళది ఒక వరుస. నేను శాంతాబాయి గారి ట్రంకు పెట్టె మోసుకుని బస్సు ఆగే చోటికి వెళ్ళాను. అక్కడి నుంచి బడి వరుస దూరంగా కనబడుతున్నది. ఎల్లవ్వ ముందు వైపే ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. బస్సు వచ్చింది. ఎక్కబోతూ శాంతాబాయి గారు, "ఆమె బయటికి వచ్చినంక ఏం అడగొద్దు మాస్టర్. నాకు జాబు గూడ రాయొద్దు, గిట్లయింది అని. మనం అడిగితె నిన్నటిదంతా బేకారు" అన్నారు. నేను తల ఊపాను. బస్సు కదిలాక ఆమె కిటికీలోంచి వరుస వైపు ఒక్కసారి చూసి, ముఖం తిప్పుకున్నారు.

నేను బడి దగ్గరికి వచ్చేసరికి ఎల్లవ్వ బయటికి వస్తున్నది. వేలి మీద సిరా ఆరలేదని ఊదుకుంటున్నది. ఓదెలు వేపచెట్టు కింది నుంచి ఎదురొచ్చాడు. మామూలుగా అడిగినట్టే, కాని వాడలో అందరూ వినేటట్టు అడిగాడు.

"ఏమే ఎల్లవ్వా, ఏడ గుద్దినవు? రేపు నూలుకు రావాలె మరి."

వరుసలో ఉన్న ఆడవాళ్ళందరూ ఆగి చూశారు. ఎల్లవ్వ వేలు ఊదుకోవడం ఆపింది. ఒక చెయ్యిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడింది. ఓదెలు కాళ్ళు మార్చుకున్నాడు. దగ్గాడు.

"నా మాట డబ్బాల పెట్టిన గద," అన్నది చివరికి. "పోయి దాన్ని అడుగుపో."

అని కొంగు దోపుకుని ఇంటి దారి పట్టింది. ఓదెలు నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "సారూ, నీకేమన్న చెప్పిందా?" అన్నాడు.

"నేను అడగలేదు," అన్నాను.